ముఖం కనబడే ఫోటో

“ఇంకొక్కసారి బామ్మర్దీ. ఈసారి మొఖం కనవడాలె,” అన్నాడు నా భర్త, పెళ్ళిళ్ళలో వాడే గొంతుతో.

నేల మీద బోర్లా పడుకుని కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాడు. ఎదురుగా సగం కట్టిన అపార్ట్‌మెంటు కాంపౌండు గోడ. గోడ మీద ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడొకడు. గోడ కింద ఇసుక కుప్ప. నేను మా చిన్నవాణ్ణి చంకనేసుకుని వెనక నిలబడి ఉన్నాను. మా ఏడేళ్ళ కూతురు నా చెయ్యి విడిపించుకుని తండ్రి పక్కకు వెళ్ళింది. స్టూడియో నుంచి తెచ్చుకున్న గిలక్కాయను తల మీదికి ఎత్తింది. పిలవడానికి ముందు గాలి పీల్చుకుంది. దాని భుజాలు పైకి లేవడం నాకు వెనక నుంచి కనిపించింది.

ఏదో జరగబోతోందని నాకు తెలిసింది ఆ భుజాలు లేచినప్పుడే.

“పిలవకు” అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. వీధి చివరిదాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానా అని వెనక్కి వస్తాను. పిల్లల్లో ఎవరైనా రెండుసార్లు దగ్గితే నిద్రపోను. నాచారం నుంచి ఉప్పల్ పోయే బస్సులో చిన్నవాడి చెయ్యి కిటికీ దాటకుండా పట్టుకుని కూర్చుంటాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. “మీ అమ్మ ఫికర్లకు జీతమిస్తే మనం బంగ్లా కడుదుము” అని నా భర్త పిల్లలతో అంటుంటాడు. అందుకని నా భయాన్ని నేనే నమ్మడం మానేశాను. వచ్చిన భయాన్ని వచ్చినట్టే మింగడం అలవాటు చేసుకున్నాను. ఆ సాయంత్రం కూడా మింగాను.

మాది నాచారంలో చిన్న ఫోటో స్టూడియో. ముందు గదిలో నీలం తెర, ఒక స్టూలు, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, కంపెనీ ఐడీకార్డు ఫోటోల కోసం వచ్చేవాళ్ళు తొడుక్కోవడానికి మేకుకు తగిలించిన ఒక నల్ల కోటు. ఆ కోటును ఆ చుట్టుపక్కల సగం మంది తొడిగి ఉంటారు. వెనక గదుల్లో మేం ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, నా భర్త తీసిన పెళ్ళి ఫోటోలను ఆల్బమ్‌లుగా పేర్చేదాన్ని. పెళ్ళికూతురి వెనక పూలతోట పెట్టడం, నిద్రమత్తులో ఉన్న పెళ్ళికొడుకు కళ్ళు వేరే ఫోటోలోంచి తెచ్చి అతికించడం నా పని.

పెళ్ళి ఫోటోలకు ఒక పద్ధతి ఉంది. తాళి కట్టేటప్పుడు ఫోటో బాగా రాకపోతే మళ్ళీ చెయ్యి పెట్టిస్తారు. తలంబ్రాలు మళ్ళీ పోయిస్తారు. పంతులు విసుక్కున్నా, ముహూర్తం దాటినా, ఫోటోగ్రాఫర్ “ఇంకొక్కసారి” అంటే అందరూ ఆగుతారు. ముఖం లేని ఫోటోను ఎవరూ ఒప్పుకోరు. “మా మేనత్త ఏది? వీపు తీసినవేంది?” అని ఆల్బమ్ మొత్తం వెనక్కి తెచ్చినవాళ్ళు ఉన్నారు. నా భర్త పదేళ్ళ పైగా అదే గొంతుతో “ఇటు జూడుండ్రి, ఇంకొక్కసారి” అంటూ బతికాడు.

ఆ పనిలోకి మా కూతురు తనంతట తానే వచ్చింది. మొదటి పుట్టినరోజులకు, పుట్టువెంట్రుకలకు పసిపిల్లలను స్టూడియోకు తెస్తారు. వాళ్ళు ఏడుస్తారు, నేల చూస్తారు, తల్లి వైపు తిరిగిపోతారు. మా అమ్మాయి తండ్రి మోకాలి పక్కన నిలబడి గిలక్కాయ ఊపి “ఇటు జూడు, ఇటు జూడు!” అనేది. ఎంత మొండి పిల్లయినా చూసేది. “నా బిడ్డ పిలిస్తే సూడనోడు లేడు,” అని నా భర్త వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పేవాడు. అది ఇంకా గట్టిగా పిలిచేది.

గోడ మీద నిలబడ్డ కుర్రాడు మా స్టూడియోకు మొదట ఐడీకార్డు ఫోటో కోసమే వచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో పని. ఊరు జనగామ దగ్గర, మా అమ్మగారి ఊరికి రెండు స్టాపుల అవతల. అది తెలియగానే నన్ను అక్కా అన్నాడు, నా భర్తను బావా అన్నాడు. మా పిల్లలకు మామ అయ్యాడు. కోటు తొడుక్కుని స్టూలు మీద కూర్చుని, ఫోటో తీయగానే లేచి, ఆ కోటుతోనే మా గదిలో తల కింద పెట్టి గిర్రున తిరిగాడు. పౌడరు డబ్బా కింద పడింది. చిన్నవాడు కేరింతలు కొట్టాడు.

“బావా, గిది తీస్తవా?”

“కోటు చినిగితే నిన్నే తీస్త బయటికి,” అన్నాడు నా భర్త.

అయినా తీశాడు. అది ఆషాఢం. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు, స్టూడియోలో ఈగలు తోలుకోవాలి. ఆ ఖాళీ నెలల్లో కెమెరా మెడలో వేసుకుని అతని వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదట్లో కాలక్షేపం. తర్వాత పెళ్ళిళ్ళు ఉన్న నెలల్లో కూడా వెళ్ళేవాడు.

మాకు తెలియని నాచారం ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. కంపెనీలో పాడైన అట్టలు తెచ్చి రోడ్డు పక్కన పరిచి, వాటి మీద తలతో తిరిగే కుర్రాళ్ళు. వాళ్ళలో కొందరు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, కొందరు ఘట్‌కేసర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్ళకుండా వచ్చేవాళ్ళు. ఇంగ్లిష్ పాటల్లో మాటలు అర్థం కాకపోతే తాళానికి తెలుగులో వాళ్ళ సూపర్‌వైజర్ని తిట్టుకునేవాళ్ళు. మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ షెడ్డులో ఇంకో గుంపు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని గొంతులు చించుకునేది. చెవులకు పిన్నీసులు, కావాలని చింపుకున్న చొక్కాలు. నా భర్త అక్కడి నుంచి వచ్చి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, “పాటనా అది? లొల్లి. కని ఆ మొఖాలు జూస్తే పూనకమొచ్చినోళ్ళ లెక్క ఉన్నరు,” అన్నాడు. ఆ రోజు తీసిన ఫోటోలు అన్నం తింటూ కూడా చూసుకున్నాడు.

ఈ గుంపులో చక్రాల బల్ల ఉన్నది ఒక్కడికే. వాళ్ళ నాన్న తార్నాక వైపు ఒక ప్రభుత్వ సంస్థలో శాస్త్రవేత్త, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. దాన్ని స్కేట్‌బోర్డ్ అనాలని అతను ఎంత చెప్పినా మిగతావాళ్ళు బల్ల అనే అనేవాళ్ళు.

“మీ నాయిన రాకెట్లు జేస్తడు, నీకు బల్ల మీద నిలవడ రాదు,” అనేవాడు మమ్మల్ని అక్కా బావా అనే మా డ్యాన్సరు.

“రాకెట్లు కాదురా, మా నాన్న రాళ్ళు పరీక్ష చేస్తారు.”

“గందుకే నువ్వు రాయి లెక్క పడ్తవ్.”

అవి బంద్‌ల రోజులు. రాష్ట్రం కోసం వారానికోసారి ఏదో ఒకటి మూతబడేది. బంద్ అంటే అందరూ ఇళ్ళలో ఉంటే వీళ్ళకు పండగ. ఉప్పల్ రోడ్డు ఖాళీగా దొరికేది. మెట్రో కోసం కొత్తగా లేస్తున్న స్తంభాల మధ్య బల్ల మీద జారుకుంటూ పోయేవాళ్ళు. ఒకసారి పోలీసులు ఆపి, “మీది ఏ జేఏసీ రా?” అని అడిగారట. “డ్యాన్స్ జేఏసీ సార్,” అన్నాడట మా వాడు. పోలీసులు నవ్వి ఒక పల్టీ కొట్టించుకుని వదిలేశారట. అది చెప్పి చెప్పి పిల్లలను నవ్వించేవాడు. నాకు మాత్రం, నవ్వని పోలీసు దొరికి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచనే వచ్చేది.

పల్టీలు నేర్చుకోవడానికి వాళ్ళకు పరుపులు లేవు, హాలు లేదు. ఇసుక కుప్పలు ఉండేవి. పీర్జాదిగూడ అంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, ప్రతి మలుపులోనూ ఇసుక. వాచ్‌మన్ తరిమేదాకా ఒక కుప్ప మీద, తరిమాక ఇంకో కుప్ప మీద. మేస్త్రీలు ఇసుక వాడేస్తే కుప్ప తరిగిపోతుంది, అప్పుడు కొత్తది వెతుక్కోవాలి.

నా భర్త తీసిన పల్టీ ఫోటోల్లో ముఖాలు ఉండేవి కావు. అరికాళ్ళు, వీపు, గాల్లో చెదిరిన జుట్టు, వెనక క్రేను, మబ్బు. నేను చూసి బాగున్నాయనుకున్నాను. ఆయన కూడా అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ముఖం లేని ఫోటోను పెద్దగా ప్రింటు తీయించి స్టూడియో గోడకు పెట్టాడు. వచ్చిన గిరాకీ “ఇవి ఎవలి కాళ్ళు?” అని నవ్వేవాళ్ళు. డ్యాన్సరు ఒక ప్రింటు వాళ్ళ అమ్మకు చూపించాడు. ఆమె అదే కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేది. భర్త లేడు, ఇతనొక్కడే కొడుకు.

“గిది నువ్వే అని నేనెట్ల నమ్మాలె? మొఖమే లేదు,” అందట ఆమె. “పని ఎగ్గొట్టి ఎవని కాళ్ళో తెచ్చి సూపిస్తున్నవ్.”

అది అతనికి గుచ్చుకుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ, “బావా, మా అమ్మ నమ్మాలె. గాల్ల ఉన్నప్పుడు నా మొఖం రావాలె, నవ్వు మొఖం,” అన్నాడు.

“గాల్ల ఎట్ల జూస్తవ్ రా నా దిక్కు?”

“జూస్త. అయితది. తల ఎటు తిరిగితే మనిషి అటు బోతడు, అంతే. జర్రంత తిప్పి మల్ల లోపటికి తెచ్చుకుంట.”

నేను చారు పోస్తున్నాను. “అవసరమా?” అన్నాను.

“అక్కా, నువ్వు గూడ రా. పిల్లలను తోల్కరా. నువ్వుంటే నీ భయానికి నేనే జాగ్రత్తగుంట,” అని నవ్వాడు. ఆ మాట వినే వెళ్ళాను. నేను ఎదురుగా ఉంటే ఏమీ కాదని ఒక పిచ్చి నమ్మకం ఉండేది నాకు.

అంతకు ముందురోజు వాన పడింది. ఇసుక పైన మెత్తగా కనిపిస్తోంది గానీ లోపల బిగుసుకుంది. ఒక పక్కన మేస్త్రీలు తవ్వుకుపోయారు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాకు కనిపించింది మంచి వెలుతురు, ఖాళీ సైటు, ఆదివారం కాబట్టి లేని వాచ్‌మన్. మొదటి పల్టీలో మోకాళ్ళు ముఖానికి అడ్డం వచ్చాయి. రెండోదానికి తల తిప్పాడు గానీ ఆలస్యంగా తిప్పాడు. నేల మీదికి వచ్చి, ఇసుక దులుపుకుంటూ మళ్ళీ గోడెక్కాడు. అప్పుడు నా భర్త ఇంకొక్కసారి అన్నాడు. అప్పుడు మా అమ్మాయి గిలక్కాయ ఎత్తింది. అతను గోడ మీంచి గాల్లోకి లేచాడు.

“మామా, ఇటు జూడు!”

చూశాడు. తల తిరిగింది, ఒళ్ళు దాని వెంట తిరిగింది. ఇసుక కుప్ప అంచున, తవ్వేసిన చోట, తల ముందు తగిలింది. చప్పుడు పెద్దగా రాలేదు. మా చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. అది కూడా ఆటేననుకున్నాడు.

అతను స్పృహలోనే ఉన్నాడు. “బావా, కాళ్ళు ఏడున్నయ్?” అన్నాడు. కాళ్ళు అతని కిందే ఉన్నాయి. నా భర్త, రోడ్డు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన శాస్త్రవేత్త గారబ్బాయి, అటుగా పోతున్న ఇద్దరు కూలీలు కలిసి చేతులు ఒకరు, కాళ్ళు ఒకరు పట్టుకుని ఎత్తి, రోడ్డు మీద ఆపిన ట్రాలీ ఆటోలో పడుకోబెట్టారు. మెడ వెనక్కి వాలిపోతుంటే నేను “తల, తల పట్టుకోండి” అని అరిచాను. ఈసారి గొంతు వచ్చింది. ఎవరో పట్టుకున్నారు. అప్పటికే వాలిపోయింది.

ఉప్పల్‌లో మొదట వెళ్ళిన నర్సింగ్‌హోమ్ వాళ్ళు చూసి పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు అతని అరికాలి మీద సూదితో గీస్తూ “తెలుస్తోందా?” అని అడిగాడు. “గీసినవా సార్?” అన్నాడు అతను. డాక్టరు మా వైపు తిరిగి, “ఎలా ఎత్తారు ఇతన్ని?” అన్నాడు. పడినప్పుడే పోయిందా, ఎత్తినప్పుడు పోయిందా అని నా భర్త నెమ్మదిగా అడిగాడు. “అది ఎవరూ చెప్పలేరు,” అన్నాడు డాక్టరు. “ఇకనైనా కదపకండి.”

వాళ్ళ అమ్మ క్యాంటీన్ పని నుంచి చీర కొంగు నడుముకు దోపుకునే వచ్చింది. ఏడవలేదు. వరండాలో నిలబడి ఒక్కొక్కరినీ చూసింది.

“రోజు ఎగురుతడు గదా. ఇయ్యాల ఎట్ల పడ్డడు?”

శాస్త్రవేత్త గారబ్బాయి ఏడుస్తూ, “ఎవరో పిలిచారమ్మా. పిలిస్తే తల తిప్పాడు,” అన్నాడు. అతను మా వెనక, రోడ్డు దగ్గర ఉన్నాడు. ఎవరు పిలిచారో చూడలేదు, ఎవరిదో పోల్చుకోలేని అరుపు మాత్రం విన్నాడు.

“ఎవలు పిలిచిన్రు?”

మా అమ్మాయి నా పక్కనే ఉంది. గిలక్కాయ సైట్లోనే పడిపోయింది, కానీ చెయ్యి ఇంకా ఏదో పట్టుకున్నట్టే బిగించి ఉంది. నేను దాన్ని నా వెనక్కి లాక్కున్నాను.

“నేనే అత్తమ్మా,” అన్నాడు నా భర్త. “ఇటు జూడు అని నేనే అన్న.”

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. “నువ్వు పిలిస్తే ఆడెందుకు సూస్తడు? కన్నదాన్ని నేను పిలిస్తేనే సూడడు,” అంది. తర్వాత, “గా ఫోటోనన్న వచ్చిందా?” అని అడిగింది.

“రాలే,” అన్నాడు నా భర్త.

కెమెరా నా మెడలో ఉంది. అతన్ని ఎత్తేటప్పుడు నాకు ఇచ్చాడు. పిల్లలిద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, గోడ వైపు తిరిగి ఆన్ చేశాను. ఫోటో వచ్చింది. వెనక మబ్బు, గాల్లో మనిషి, ముఖం పూర్తిగా ఇటే, పళ్ళు కనిపించే నవ్వు. నా భర్త అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత మంచి ఫోటో తీయలేదు. ఏళ్ళ తరబడి ఫోటోల్లో కళ్ళు అతికించిన మనిషిని, ఎవరు ఎటు చూస్తున్నారో నాకు పొరపాటు పడదు. అతని కళ్ళు కెమెరా వైపు లేవు. నా భర్త పడుకుని ఉన్నాడు, కెమెరా నేలకు ఆని ఉంది. అతని చూపు దానికి కాస్త పక్కన, కాస్త పైన, ఏడేళ్ళ పిల్ల ముఖం ఉండే ఎత్తులో ఉంది.

నా భర్త వచ్చి నా భుజం మీంచి చూశాడు. “నా దిక్కే జూసిండు,” అన్నాడు. “విన్నవా? నా దిక్కే,” అని మళ్ళీ అన్నాడు.

కెమెరా కట్టేశాను. ఆ క్షణం నుంచి నాకు ఒకటే భయం. అతను బతకాలని, లేచి నడవాలని నేను మొక్కుకోలేదని కాదు. కానీ అన్నిటికంటే ముందు, నా కూతురికి ఇది తెలియకూడదనుకున్నాను. లోపల ఒక తల్లి కొడుకు కాలి వేళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటే, నేను బయట నా బిడ్డను ఎలా తప్పించాలా అని ఆలోచించాను.

చివర రాయాల్సింది ఇంకొకటి ఉంది కాబట్టి, తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆపరేషన్ చేశారు. మెడ కింద ఏదీ తిరిగి రాలేదు. కొన్ని నెలలకు వాళ్ళ అమ్మ క్యాంటీన్ మానేసి ఊరికి తీసుకుపోయింది. మేం ఒకసారి వెళ్ళాం, పిల్లలను తీసుకుపోకుండా. మంచం పక్కనే టీవీ ఉంది, రాష్ట్రం వస్తుందన్న వార్తలు మోగుతున్నాయి. అతని ముఖం సన్నబడింది, నవ్వు మాత్రం అదే. “బావా, నిజం చెప్పు, గా ఫోటో వచ్చిందా రాలేదా?” అని అడిగాడు. రాలేదన్నాడు నా భర్త. “పోనీ తీ, మంచిగయినంక మల్ల దిగుదాం,” అన్నాడు. వాళ్ళ అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఒంటి మీద పుండ్లు పడి, జ్వరం వచ్చి, రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలోనే పోయాడు. వాళ్ళ అమ్మకు ఆ ఫోటో ఇవ్వాలని ఎన్నిసార్లో అనుకున్నాం. ఇస్తే రాలేదని చెప్పిన అబద్ధం బయటపడుతుంది, ఆమె ఆ కళ్ళు ఎటు చూస్తున్నాయో చూస్తుంది. ఇవ్వలేదు. చెరపనూ లేదు. మిగతా కుర్రాళ్ళు చెదిరిపోయారు. నా భర్త పెళ్ళిళ్ళకు వెళ్తాడు గానీ ఎవరినీ ఇటు చూడమనడు, వాళ్ళంతట వాళ్ళు చూసేదాకా ఆగుతాడు. వీపులు వచ్చాయని ఆల్బమ్‌లు వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఆయన వాటిని తీసుకుని లోపల పెడతాడు.

ఇవన్నీ పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. పగలు రాయలేను. పగలు మా అమ్మాయి నేను ఏం రాస్తున్నానో వచ్చి చూస్తుంది.

ఆ ఆదివారం రాత్రి నేను పిల్లలతో ఇంటికి వచ్చేశాను. తెల్లవారుతుండగా నా భర్త స్నానం చేయడానికి వచ్చాడు. “నడవడంట. చేతులు గూడ రావంట,” అని నాతో చెప్పి, పక్కగదిలో మా అమ్మాయి మంచం మీద కాసేపు కూర్చున్నాడు. ఏదో మాట్లాడాడు, నాకు వినిపించలేదు. తర్వాత మళ్ళీ దవాఖానకు వెళ్ళిపోయాడు.

స్కూలుకు పంపనా మాననా అని చాలాసేపు తేల్చుకోలేక చివరికి పంపుదామనుకున్నాను. వంటింటి గడపలో దాన్ని కూర్చోబెట్టుకుని జడ వేస్తున్నాను. చిన్నవాడు ఎదురుగా పాలు తాగుతున్నాడు. అది నా వైపు తిరగకుండానే అడిగింది.

“అమ్మా, మామ ఎవలి దిక్కు జూసిండు?”

దవాఖానలో నా భర్త అన్నది వాళ్ళ అమ్మ కోసమేననుకుని, నా జవాబు నేను వేరే సిద్ధం చేసుకున్నాను. రాత్రంతా దాన్నే చెప్పుకుంటూ కూర్చున్నాను.

“నా దిక్కు జూసిండు,” అన్నాను. “నేను ఎనక నుంచి గట్టిగ పిలిచిన. నీ గొంతు మామకు ఇనవడనే లేదు. నాదే ఇనవడ్డది.”

నేను రిబ్బను ముడి వేశాను. నమ్మిందనుకున్నాను.

“నాన్న ఏమో నాన్న దిక్కు జూసిండన్నడు,” అంది.

మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే పని చేశాం. ఇద్దరం దాన్ని కాపాడదామని చెరొక అబద్ధం చెప్పాం. రెండూ కలిసి దానికి నిజం చెప్పేశాయి. అది ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. తల నెమ్మదిగా ఇటు తిప్పి, నా నోటి వైపు చూస్తూ కూర్చుంది.

ఇంకో అబద్ధం నా దగ్గర లేదు. ఉన్నా అది నమ్మే వయసు నిన్నటితో దాటిపోయింది.

“నీ దిక్కే జూసిండు బిడ్డా,” అన్నాను. “పిలిచుడు నీకు నేర్పింది మేము. నాన్న నేర్పిండు, నేను ఆపలే. నువ్వు పిలిస్తే అందరు జూస్తరు, మామ గూడ జూసిండు. అంతే అయింది.”

పాల గ్లాసు కింద పెట్టి చిన్నవాడు మా ఇద్దరినీ చూశాడు. “మామ మల్ల ఎప్పుడు ఎగురుతడు?” అని అడిగాడు.

“ఎగరడు,” అన్నాను, ఇద్దరికీ వినబడేట్టుగా. “ఇగ ఎగరడు.”